జెర్రిగొడ్డును కొట్టొద్దన్నా

కువైట్ నుంచి

అన్నకు,

నీ చెల్లెలు నాగమ్మ రెండు చేతులూ జోడించి రాస్తున్నది. నాకు ఒంట్లో బాగానే ఉంది, దిగులు పెట్టుకోవద్దు. నువ్వు, వదిన, నా బిడ్డ మంజుల చల్లగా ఉన్నారని తలుస్తాను. నీ దగ్గు తగ్గిందా? రాయి చెక్కేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోమంటే వినవు కదా. నంద్యాల నర్సింగు హాస్టల్లో మంజుల ఏం తింటోందో ఏమో, ఆదివారం ఆళ్లగడ్డకు వస్తే కడుపునిండా పెట్టమని వదినకు చెప్పు.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుకోకు. మొన్న ఫోనులో నువ్వు, "షెడ్డులో రాళ్లకింద పాముండాది. మనుషుల్ని పెట్టి రాళ్లు లేపించి కొట్టిస్తా" అన్నావు. నేను వద్దనేలోపే "ఆడుండి నీకేం తెలుసు" అని పెట్టేశావు. అందుకే రాస్తున్నాను. ఇక్కడే పనిచేసే మన వీధి ఓబులమ్మ ఊరికి సెలవు మీద వస్తోంది, ఆమె చేతికిస్తాను. దీంతోపాటు ఒక పొట్లం ఉంటుంది. ఉత్తరం చదివాకే విప్పు.

అన్నా, నేను పనిచేసే ఇంట్లోనూ పాముంది. చెబితే "బిరీన వచ్చెయ్" అంటావని ఇన్నాళ్లూ చెప్పలేదు. మేడమ్ కూతురు నూరా దాన్ని పెంచుకునేది. పైచదువుకు వేరే దేశం పోతూ, పామునూ దాని అద్దాల పెట్టెనూ నాకు అప్పగించింది. మేడమ్‌కు అదంటే పై ప్రాణాలు పైనే పోతాయి. "ఒక్కసారి బయట కనబడిందా, దాన్నీ నిన్నూ ఒకేసారి పంపించేస్తా" అంది. ఈ పని పోతే మంజుల చదువు మధ్యలోనే ఆగిపోతుంది. "పేరేమో నాగమ్మ, పామంటే పరుగు" అని చిన్నప్పుడు ఎక్కిరించేవాడివి, చూడు నా తలరాత!

దాన్ని మొక్కజొన్న పాము అంటారట. అమెరికాలో అడవుల్లో, చేలల్లో, పాత కొట్టాల్లో ఉంటుందట. కంకులు దాచిన చోటికి ఎలుకల కోసం వస్తుంది కాబట్టి ఆ పేరని నూరా చెప్పింది. విషం లేదు. ఎలుకను చుట్టుకుని, ఊపిరాడకుండా బిగించి మింగుతుంది. ఒళ్లంతా నారింజ రంగు, వీపు మీద ఇటుక రంగు మచ్చలు, ప్రతి మచ్చకూ నల్లటి అంచు. పొట్ట కింద తెలుపూ నలుపూ గళ్లు, అచ్చం మన అమ్మ కప్పుకునే దుప్పటిలా. పగలంతా చెక్క కింద దూరి ఉండి, పొద్దు గూకాక బయటికొచ్చి కొమ్మ ఎక్కుతుంది. బెదిరితే తోక కొస టపటపా కొడుతుంది, అంతే. అక్కడి జనం కూడా విషప్పామనుకుని దాన్ని చంపేస్తుంటారట. ఐసులో పెట్టిన ఎలుకపిల్లను కరిగించి పట్టకారుతో అందించాలి. ఛీ, మొదట్లో నాకు అన్నం సయించేది కాదు.

నాగుల చవితి వచ్చింది. తెల్లారే తలస్నానం చేశాను గానీ, ఇక్కడ పుట్ట ఎక్కడిది? అమ్మ దంచిన చిమ్మిలి వాసన ముక్కుకు తగిలినట్లయింది. ఆ రోజు నాయన ఉలి ముట్టేవాడు కాదు. టకటక లేని ఆ ఒక్క రోజు షెడ్డులో మనం రాళ్ల మీద కూర్చుని నువ్వులుండలు తినేవాళ్లం. ఏడుపొచ్చింది అన్నా. ఉండబట్టలేక ఆ పాము నీళ్లగిన్నెలో పాలు పోసి, అద్దానికి కుంకుమ పెట్టి, "నాగన్నా, నా బిడ్డను సల్లంగ సూడు సామీ" అని మొక్కుకున్నాను.

కొన్నాళ్లకు దాని రంగు బూడిదలా మాసిపోయింది. ఎలుకపిల్లను ముట్టలేదు. కళ్లు చూస్తే తెల్లగా, పాలు పోసినట్లే ఉన్నాయి! నేను పోసిన పాలే దాని కళ్లకెక్కాయనుకున్నాను. పండుగపూట పాము కళ్లు పోగొట్టానే అని బెంబేలుపడ్డాను. ఆ గాభరాలోనే మూతకు గొళ్లెం పెట్టడం మరిచాను. పొద్దున చూస్తే పెట్టె ఖాళీ.

మేడమ్ ఇంకా మేడ దిగలేదు. మంచాల కింద, సోఫాల కింద అంతా వెతికి, ఏడుస్తూ నూరాకు ఫోను చేశాను. పాల సంగతి కూడా చెప్పేశాను. ఆ పిల్ల పకపకా నవ్వింది. "అది పాలు తాగదు నాగమ్మా, నీళ్లే పెట్టు. కళ్లు పోలేదు, తోలు విడిచే ముందు అట్లాగే అవుతాయి. వెచ్చగా, ఇరుగ్గా ఉన్నచోట వెతుకు" అంది.

తోలు అనగానే నాకు నాయన గుర్తుకొచ్చాడు. మన షెడ్డులో జెర్రిగొడ్డు ఏటా రాళ్ల సందున కుబుసం విడిచేది కదా. "నున్నని రాయికాడికి రాదు మ్మే, చెక్కని రాయికాడికే వస్తాది. తోలు ఇడిసేదానికి గరుకు గావాల" అనేవాడు. ఈ ఇల్లంతా నున్నటి పాలరాయి. గరుకుగా ఉండేదల్లా వంటగదిలో ఫ్రిజ్ వెనక పెట్టిన బియ్యం గోనెసంచి ఒక్కటే. పరుగెత్తి చూద్దును కదా, సంచి మీద పొడుగ్గా కుబుసం! దాని వెనక చుట్ట చుట్టుకుని, కొత్త పెంకులా ఎర్రగా మెరుస్తూ పాము. కళ్లు నిగనిగలాడుతున్నాయి.

మెట్ల మీద మేడమ్ చెప్పుల చప్పుడు. ఇక భయపడేందుకు తీరికెక్కడ? వట్టి చేతులతో ఎత్తుకున్నాను. కరవలేదన్నా. నా మణికట్టుకు చుట్టుకుని నాలుక ఆడిస్తూ ఊరుకుంది. పెట్టెలో వదిలి గొళ్లెం పెట్టాను. "ఏమిటా చెమటలు?" అంది మేడమ్. పొయ్యి సెగ అన్నాను. పని దక్కింది, మంజుల చదువూ ఆగలేదు.

పొట్లంలో ఉన్నది ఆ కుబుసమే, బెదిరి పారెయ్యకు. రంగు రాలేదు, మచ్చల నీడ మాత్రం లీలగా కనబడుతుంది. వెలుతురుకు పట్టి చూడు, ప్రతి పొలుసూ ఉంది, కంటి మీది పొర కూడా ఊడొచ్చింది. నీ నాగశిలలకు పొలుసులు చెక్కేటప్పుడు పక్కన పెట్టుకో.

పెద్దమ్మకు నా దండాలు. వదినకు భయంగా ఉంటే వంటింటి గుమ్మానికి అడ్డపలక పెట్టించు. కానీ రాళ్లు లేపొద్దు. రోజంతా రాతిపాముకు పడగ చెక్కి, నిజం పాము మీదికి కర్ర ఎత్తుతావా? ఆ రాళ్లకింద ఏటా ఉండేది నాగుపాము కాదు, విషం లేని మన జెర్రిగొడ్డే. నాయన దాన్ని ఏనాడూ అదిలించలేదు. నాయన పోయినప్పుడు నేను రాలేకపోయాను. వచ్చే సెలవుకు నేనొచ్చేసరికి షెడ్డులో నాయన ఉండడు. నాయన్ని ఎరిగిన ఆ పామునైనా ఉండనీ అన్నా.

నీ దీవెనకు తల వంచి,
నీ చెల్లెలు
నాగమ్మ