వెనక సీట్లో పులుసు గిన్నె

మంగినపూడి, మంగళవారం

హనోకు గారికి నమస్కారాలు.

మీ పాత స్పోర్ట్స్ కారు మలుపుల్లో ఒరిగిపోకుండా వెనక చక్రాల మధ్య బిగించమన్న కడ్డీ తయారైందండి. మీ అమ్మాయి చర్చికి వెళ్ళే పెళ్ళికారు కదా, అసలు ఒరగకూడదని మొదట పడవ ఇంజను షాఫ్టంత లావు కడ్డీ వేశాను. తొలి మలుపులోనే వెనక చక్రం జారింది. మా అమ్మ రాఘవమ్మ నవ్వి, "కాస్త ఒరగనివ్వరా! అసలు ఒరగని పడవే ముందు బోల్తా కొడుద్ది" అంది. ఆ మాట కాదనలేక సన్న కడ్డీ వంచి బిగించాను.

నిన్న అమ్మ నిండు చేపల పులుసు గిన్నె ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంది. కూచిపూడి వెళ్ళొచ్చాం. చుక్క ఒలకలేదు.

వచ్చి కారు తీసుకెళ్ళండి. మీ అమ్మాయిని కూడా వెంటబెట్టుకు రండి. పెళ్ళికూతురు అడిగితే తప్ప అమ్మ ఆ సీటు దిగేలా లేదు.

ఇట్లు,
మీ మెకానిక్