యాన్బులో మాయమైన నీడ

సుగుణా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నేను చెబుతుంటే నీ కూతురు గ్రేసీ రాస్తోంది. అది నీలాగే నర్సు కావాలని మీ ఆయన, లెక్కలు చదవాలని నేను, నెలంతా పోట్లాడుకున్నాం.

వెనకటికో గ్రీకు పండితుడు నీడలు కొలిచి భూమి చుట్టుకొలత చెప్పాడంట. ఏడాదికోసారి మధ్యాహ్నం నీడ పడదని ఆయన చెప్పిన ఊరు, సౌదీలోని మన యాన్బుకు సూటిగా ఎర్ర సముద్రం అవతలుందంట. మనకూ పడదని లెక్కగట్టి, గ్రేసీ నిన్న వాళ్ల నాన్నని మేడెక్కించి కర్ర నిలబెట్టింది. నేను గొడుగు పట్టాను.

"అమ్మమ్మా, గొడుగు తియ్యి! నీడంతా నీదే!" అని కసిరింది.

తీశాను. అది చెప్పిన వేళకి కర్రకి నీడ లేదు.

"ఇప్పుడేమంటావు అల్లుడూ?"

వంగి చూసి, "లెక్కలే చదవనీ అత్తయ్యా" అన్నాడు.

పిల్లని అంత ఎండలో నిలబెట్టానని నువ్వుంటే తిట్టేదానివి. తిట్టవే, పడతాను. నీ కూతురు గెలిచింది.