ముసాఫిర్‌ఖానా గోడ మీద అద్దం ముక్క

మే 28

చాచా ఈ రోజు కూడా రాలేదు. ఇవాళ్టికి మూడో రోజు. రాడు... నాకు తెలుసు.

ముసాఫిర్‌ఖానా పడమటి గోడకు సిమెంటు పూయించాను. ఆయన వద్దంటే వద్దన్న గోడకే. రహీం చాచా పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి సున్నం పని తప్ప ఇంకో పని ముట్టని మనిషి. కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు కలిపి నానబెట్టిన సున్నం. ఒక పూత ఆరాకే ఇంకో పూత. ఒక్కోదానికి వారమంటాడు. ఎట్లా ఆగను? వచ్చే నెలాఖరుకు ఆషాఢం వచ్చేస్తుంది. ఆషాఢంలో కొత్త గడప ఎవరు తొక్కుతారు? శ్రావణం దాకా ఆగితే ఇక్కడ పని చేసుకుంటామని ఒప్పుకున్న పదకొండు మందిలో సగం మంది మనసు మార్చుకుంటారు. వేరే మేస్త్రీని పిలిచాను. పాత పూతంతా సుత్తెలతో రాలగొట్టి, రెండు రోజుల్లో నున్నగా పూసి పోయాడు.

చాచా వచ్చి గోడ మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. "బిడ్డా, గీ గోడ నేలకెల్లి నీళ్ళు తాగుతది. తాగిన నీళ్ళు గిప్పుడు యాడికి పోవాలె?"

ఆ మాట నాతోనే అన్నాడు. పక్కన ఎవరూ లేరు. నేనూ ఎవరికీ చెప్పలేదు.

జూన్ 4

పగులు. కిటికీ మూల నుంచి పైన దూలం దాకా. వెంట్రుకంత.

చాచా ఇంటికి పరుగెత్తాను. తిడతాడనుకున్నాను, తిట్టినా బాగుండేది. చెప్పులేసుకుని నా వెంట వచ్చాడు. పాత ఫొటో ఫ్రేము అద్దంలోంచి వేలెడు ముక్క కోసి, పగులుకు అడ్డంగా పెట్టి, రెండు కొసలకూ సున్నం ముద్దలు అద్దాడు. తడి సున్నం మీద మేకుతో తారీఖు గీశాడు.

"గోడ జరంత కదిలినా అద్దం పలుగుతది. పలిగిన నాడు ఎవ్వల్ని లోపట ఉంచకు. దూలం మొత్తం గా గోడ మీదనే కూసున్నది."

రేపు కరీంనగర్ పోతున్నాడు, కంటి ఆపరేషన్‌కు. నెల రోజులు కూతురి దగ్గరే ఉంటాడట. వెళ్తూ వెళ్తూ ఎప్పుడూ అనే "ఫికర్ చెయ్యకు" అనలేదు.

జూన్ 5

ఉంది. పగల్లేదు.

జూన్ 6

ఉంది.

జూన్ 9

బల్లలు వచ్చాయి. సుగుణ తన కుట్టు మిషన్లు నాలుగూ పడమటి గోడ వైపే వేయించుకుంది, కిటికీ వెలుతురు ఉందని. గంగారాం కూడా అక్కడే. బొమ్మలకు రంగులేసే వాడికి వెలుతురు కావాలి మరి. నిర్మల్ వదిలి ఖానాపూర్ దాకా వచ్చింది ఈ చోటు కోసమే అంటాడు. "చెల్లె, గిసొంటి వెల్తురు మా ఇంట్ల యాడిది?"

తూర్పు వైపు పెట్టుకోండి అనబోయాను. ఎందుకంటే ఏం చెప్పాలి? నాలుక చివరి దాకా వచ్చింది. మింగాను.

ఎప్పుడో బాటసారుల కోసం కట్టిన ఈ ముసాఫిర్‌ఖానాను చూసి ఊరంతా నవ్విన రోజులున్నాయి. గబ్బిలాలు, పిచ్చిచెట్లు, పేకాట. ఇది బాగు చేసి పది మంది పని చేసుకునే చోటు చేస్తానంటే పిచ్చిదాన్నన్నారు. మొదట నమ్మింది సుగుణ ఒక్కతే. రోజూ అందరికన్నా ముందొచ్చి తలుపు తీసి ఊడ్చేది కూడా తనే. రెండో తాళంచెవి తన కొంగుకే ఉంటుంది.

జూన్ 12

పొద్దున్న పెద్ద వాన, ఈ ఏటి మొదటిది. తల కూడా దువ్వుకోకుండా పరుగెత్తాను. సుగుణ అప్పటికే ఊడుస్తోంది. అద్దం అట్లాగే ఉంది, మిలమిలా మెరుస్తూ. వేలితో తాకి చూశాను. ఒక్కదాన్నే నవ్వాను. సుగుణ కూడా నవ్వింది, ఎందుకో.

జూన్ 15

గోడ కింద రోజూ పిండిలా రాలుతోంది. చేటెడు ఎత్తిపోస్తోంది సుగుణ. "ముసల్ది గదక్కా గోడ, రాలదా మరి?" అంటుంది.

అన్నం సయించడం లేదు.

జూన్ 20

ప్రారంభం అయిపోయింది. కొబ్బరికాయ, గుమ్మడికాయ, గడపకు పసుపు. కొండగట్టు నుంచి తెచ్చిన సింధూరం సుగుణ అన్ని మిషన్లకూ పెట్టింది. ఇంతమంది వస్తారనుకోలేదు. పచ్చళ్ళ వాళ్ళు, బుట్టలల్లే వాళ్ళు, నాలుగు రకాల పని ఒక్క కప్పు కింద. నవ్వినవాళ్ళే వచ్చి గోడలు తడిమి "మంచిగ చేసినవ్" అన్నారు.

ఒకాయన పడమటి గోడకు వీపు ఆనించి ఫోటో దిగాడు. ఆయన కదిలేదాకా పగులు మీంచి చూపు తిప్పలేదు.

ఎంత సంతోషపడాలో అంత భయపడ్డాను. ఇదేం ప్రారంభం.

జూన్ 24

రెండు రోజులు విడవని వాన. అయినా అద్దానికి చిన్న గీత కూడా పడలేదు. చాచా పాతకాలపు మనిషి, అనవసరంగా బెదరగొట్టాడేమో. ఎన్నాళ్ళకో కడుపు నిండా తిన్నాను.

ఒకటి మాత్రం... సున్నం మీద ఆయన గీసిన తారీఖు కనబడలేదు. చెమ్మకు పెచ్చు ఊడి ఉంటుంది.

ఊడే ఉంటుంది.

జూన్ 27

చాచా ఫోన్ చేశాడు. కళ్ళకు కట్టు కట్టినా గోడ సంగతే.

"అద్దం ఎట్లున్నది?"

"మంచిగుంది చాచా."

"తారీఖు కనవడ్తున్నదా?"

కనబడుతోంది అన్నాను.

జూన్ 30

ఉన్నదున్నట్టు రాస్తాను.

మధ్యాహ్నం టీ తాగుతున్నాం. సుగుణ సంచీలోంచి దారపు ఉండ తీస్తుంటే కాగితంలో చుట్టిన అద్దం ముక్క ఒకటి జారింది. వేలెడు. ఇదేంటి అన్నాను.

"గోడకున్న దిష్టి అద్దం పలిగితే ఉంటదని ఇంకోటి కోయించి పెట్టినక్కా."

దిష్టి అద్దం.

"పలిగిందా?"

"ఓ, మూడుసార్లు. పలిగిన అద్దం గోడకు ఉంచుతరా? మొదటిసారి గా పెద్ద వాన పడ్డ నాడు. నువ్వొచ్చే లోపట్నే తీసి ఫొటో ఫ్రేములోళ్ళ కాడ కొత్తది కోయించి పెట్టిన. ప్రారంభం ముంగట అపశకునమని నీకు చెప్పలే. పరేషాన్ అయితవని."

ఆ రోజు తను ఎందుకు నవ్విందో ఇప్పుడు తెలిసింది. రెండోసారి ముసురు పట్టినప్పుడు. మూడోది మొన్న. ప్రతిసారీ తడి సున్నం ముద్ద పెట్టి, పాతదానిలాగే నీటుగా. నేను రోజూ వచ్చి చూసి ధైర్యపడింది సుగుణ అతికించిన అద్దాన్ని.

తన తప్పేముంది? అదెందుకో నేను చెబితే కదా. చెబితే సిమెంటు సంగతి చెప్పాలి. చాచా వద్దన్న సంగతి చెప్పాలి. దిష్టి అనుకోక ఇంకేమనుకుంటుంది?

మూడుసార్లు కదిలింది గోడ. మూడుసార్లూ ఆ కిందే మనుషులు తిరుగుతున్నారు.

జూలై 1

కరెంటు పని ఉందని తలుపు తియ్యొద్దన్నాను. సుగుణ సరే అంది.

చాచాకు అంతా చెప్పాను. ముందు దూలం కింద ఆసరాగా మొద్దులు నిలబెట్టమన్నాడు. "ఇంజనీరుకు చూపెట్టు. గాడ పనిచేసేటోళ్ళకు ఎందుకో చెప్పు బిడ్డా. కరెంటని కాదు."

ఇంజనీరు ఎల్లుండి వస్తానన్నాడు. మొద్దులకు ఇద్దరు మనుషుల్ని అడిగితే ఆ గోడ చూసి లోపలికి రామన్నారు.

చెప్పాలి. ఏ ముఖంతో? ఇన్నాళ్ళూ అక్కా అక్కా అన్నవాళ్ళు... ఇక ఎవరైనా నా మాట నమ్ముతారా? గోడ అంటే ఎంత భయమో వాళ్ళ కళ్ళంటే అంత భయం. రెండోదే ఎక్కువేమో. సిగ్గుగా ఉంది రాయడానికి.

జూలై 2

పొద్దున్న. మళ్ళీ ముసురు. బజారు దాకా పోదామని బయల్దేరి ముసాఫిర్‌ఖానా ముందు ఆగిపోయాను. తలుపుకు తాళం లేదు. లోపల మిషన్ చప్పుడు.

ఎట్లా లోపలికి పోయానో గుర్తు లేదు. సుగుణ, గంగారాం, ఇంకో ముగ్గురు. బడి పిల్లల యూనిఫాంలు ఇచ్చే గడువు దాటిందట. "కరెంటు మంచిగనే ఉన్నదక్కా, చూసిన" అంటోంది సుగుణ. తల వెనకే అద్దం. నిలువునా రెండు ముక్కలు.

అరిచాను. బయటికి పొండి అని అరిచాను. గంగారాం రంగు డబ్బాలు సర్దబోతే చెయ్యి పట్టి లాగాను. బిత్తరపోయి అందరూ వానలోకి వచ్చారు.

అప్పుడు చెప్పాను. వాకిట్లో, తడుస్తూ. సిమెంటు, చాచా మాట, పగులు, అద్దం. ఒక్కటి కూడా దాచలేదు.

గంగారాం నేల చూపులు చూశాడు. "మా బల్ల గాడ వేస్తున్నప్పుడు ఒక్క మాట అనకపోతివి చెల్లె." అంతే అన్నాడు.

సుగుణ మాత్రం నా ముఖంలోకే చూస్తూ నిలబడింది. ముక్కు మీంచి వాన నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"మిషన్లు గాడ వేసిన నాడే నీకు ఎరుకేనా అక్కా?"

ఎరుకే అన్నాను.

కొంగు ముడి విప్పింది. తాళంచెవి నా అరచేతిలో పెట్టి, గొడుగు కూడా తీసుకోకుండా పోయింది.

అదే రోజు, సాయంత్రం

ఇంజనీరు రేపు పది గంటలకట. సుగుణకు నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు.

వాన ఆగలేదు. తలుపుకు తాళం వేశాను. రెండు తాళంచెవులూ నా దగ్గరే ఉన్నాయి.