రొండిన నిలవని పిస్తోలు

అంబాజీపేట,
మంగళవారం, మధ్యాహ్నం కునుకు మానుకుని.

అలిగినా నాదానివే అయిన రాజ్యలక్ష్మికి,

ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వు క్షేమమని అమ్మాయి పద్మశ్రీ ఫోనులో చెబుతూనే ఉంది. నీకు ఇమ్మంటే మాత్రం, "అమ్మ స్నానానికెళ్ళింది నాన్నగారూ" అంటుంది. పొద్దున్న చేసినా అదే మాట, సాయంత్రం చేసినా అదే మాట. నువ్విన్ని స్నానాలు చేస్తే రామచంద్రపురం కాలవలో పొలాలకు నీళ్ళు మిగలవు. అందుకని ఉత్తరం రాస్తున్నాను. మన తాతబ్బాయి కొబ్బరి బేరం మీద పంటెక్కి గోదావరి దాటి అటు వస్తున్నాడు. వాడి చేతికిస్తాను. వాడు నీ ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతూ ఉంటాడు కనుక చదవక తప్పదు.

"ఇంకో తుపాకీ గుమ్మంలోకొస్తే నేను గుమ్మం దాటతాను" అన్నావు. తుపాకీ రాకుండానే దాటేశావు. ఇదేం న్యాయం? మొహం కూడా చూడకుండా సవతి అని పేరు పెట్టేస్తే ఎలా? సరే, నువ్వు చూడలేదు కనుక నేను చూసి వచ్చిన సంగతి చెబుతాను.

మా నాన్న పోయాక ఆయన జోడుగొట్టాల తుపాకీ, దాని లైసెన్సు నా పేరుకి మారాయి కదా. ఆ తుపాకీ జన్మలో ఒక్క పిట్టను కొట్టిన పాపాన పోలేదు. ఎన్నికలొచ్చినప్పుడల్లా పోలీసు స్టేషనుకు వెళ్ళి, ఓట్ల లెక్కింపయ్యాక కొత్తకోడలు పుట్టింటి నుంచి వచ్చినట్టు వచ్చేది. కోడలైతే కాస్త ఒళ్ళు చేసి వస్తుంది, ఇది తుప్పు పట్టి వచ్చేది. చివరికి దాన్ని అప్పజెప్పి, బదులుగా పిస్తోలు కొనుక్కునేందుకు కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి అనుమతి తెచ్చుకున్నాను. అక్కడ గుమాస్తా "ఈ వయసులో ఎందుకండీ?" అన్నాడు. "వయసులో ఉన్నప్పుడు మీరు ఇవ్వలేదు కదండీ" అన్నాను. ఈ గుమాస్తాల గురించి ఒక పుస్తకమే రాయొచ్చు. ఆరో తరగతితో బడి మానేసి, పకోడీ పొట్లాల కాగితాలు చదివి పైకొచ్చిన వాణ్ణి, రాసినా రాస్తాను. ప్రస్తుతం కాకినాడ వెళదాం.

నిన్న నేనూ తాతబ్బాయీ వెళ్ళాం. తుపాకుల దుకాణమంటే ఏదో కోటలా ఉంటుందనుకున్నాను. మన ఎరువుల కొట్టు లాగే ఉంది. యజమాని వీరవెంకటరమణ గారు. చేతికి దారాలూ నుదుట బొట్టూ చూస్తే పెళ్ళిళ్ళ పేరయ్యేమో అనిపిస్తాడు. ఇనప్పెట్టె తీసి, నల్లటి పిస్తోలొకటి గుడ్డ మీద పెట్టేడు. ముందు దాని తూటాల డబ్బా ఊడదీసి, పైభాగం వెనక్కి లాగి, లోపల చూపించేడు.

"ఖాళీ అని నేను చెప్పినా నమ్మకండి. మీరే చూసుకోండి. చూసేక కూడా మనిషి వైపు పెట్టకండి."

ఇదేదో కాపురానికి కూడా పనికొచ్చే నీతిలా ఉందే అనుకున్నాను.

పెద్ద సైజుది రాజ్యం. చిన్నవీ ఉన్నాయి, జేబులో పట్టేవి. "చిన్నది దాచుకోవడానికి బావుంటదండి, పేలితే చెయ్యి పైకెగురుద్ది. పెద్దది బరువు మీద కుదురుగా ఉంటదండి, ఆయ్. గుప్పిట నిండుతుంది" అన్నాడు. పట్టుకుని చూశాను. పీచు తీసిన పెద్ద కొబ్బరికాయంత బరువు. ఒకసారి నొక్కితే ఒకటే పేలుతుందట, తర్వాతి గుండు పిలవకుండానే వచ్చి విస్తరి ముందు కూర్చునే చుట్టంలా దానంతటదే వచ్చి కూర్చుంటుందట.

నాకు తెలిసిన పరీక్ష ఒకటే. చెవి దగ్గర పెట్టుకుని ఆడించాను. లోపల కాస్త టకటకమంది. "పండిందిరా తాతబ్బాయీ, తీసుకోవచ్చు" అన్నాను.

వీరవెంకటరమణ గారు గుండె పట్టుకున్నాడు. "అదేం పనండీ బాబూ! చెవి దగ్గర పెట్టుకుంటారా ఎవరన్నా?"

"మా అంబాజీపేటలో కురిడీ కాయ అలాగే కొంటామండి. ఎండిన కొబ్బరి గుడ్డు లోపల కదిలితేనే సరుకు" అన్నాడు తాతబ్బాయి నా తరఫున.

"ఇక్కడ కదలకుండా ఉంటేనే సరుకండీ. కాస్త వదులు ఎలాగూ ఉంటది, గలగలమంటే మాత్రం వద్దనాలి."

నలభై ఏళ్ళ కొబ్బరి విద్య అలా తలకిందులైంది. తర్వాత పైభాగం వెనక్కి లాగమన్నాడు. స్ప్రింగు బిగువు, నా వేళ్ళకు లొంగలేదు. తాతబ్బాయి లాగేడు, వాడి మొహం టమాటా అయింది గాని అది కదల్లేదు. "ఒక చెయ్యి లాగాలి, ఇంకో చెయ్యి నెట్టాలండి" అని ఆయన చూపించేడు. అప్పుడొచ్చింది. ఠక్కుమని తిరిగి మూసుకుంది. ఆ చప్పుడు విని, నీ దగ్గర దాచడమెందుకు, నా ఒళ్ళు పులకరించింది. గురి చూడమన్నాడు. ఎదురుగా క్యాలెండరులో అమ్మవారుంది, మనవల్ల కాదన్నాను. ఖాళీ గోడ చూపించేడు. గొట్టం కొసనున్న చిన్న మొన ఈ ఆపరేషను కంటికి ఎంత తేటగా కనిపించిందనుకున్నావ్! ఆ డాక్టరుకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

ఆఖరి పరీక్ష నేనే పెట్టాను. ఇంటికి తెచ్చుకుంటే ఎక్కడ పెట్టుకుంటాను? పొగాకు కాడా, తాళాల గుత్తీ ఎక్కడ పెట్టుకుంటానో అక్కడే కదా. పంచె మడత సవరించి, పిస్తోలు రొండిన దోపుకుని నాలుగడుగులు వేశాను. మూడో అడుగుకి పంచె ఒక దారిన, పిస్తోలు ఒక దారిన వెళ్ళాయి. పిస్తోలును వీరవెంకటరమణ గారు పట్టుకున్నాడు. పంచెను ఎవరూ పట్టుకోలేదు. నువ్వు కొన్న చారల డ్రాయరు కాకినాడలో నలుగురూ చూసేరు. తాతబ్బాయి నీకు ఎలాగూ చెబుతాడు కనుక నేనే చెప్పేస్తున్నాను.

అంతా అయ్యాక ఆయన అడిగిన మాట ఇది. "పెద్దవారు, ఏమీ అనుకోకండి. దేనికోసమండీ?"

"కాయల దొంగలు" అన్నాను.

"కాయల కోసం మనిషిని కాల్చే హక్కు మీకు లేదండి."

"కాల్చనండి. చూపిస్తాను."

"చూపించినా కేసేనండి."

"మరేం చెయ్యమంటారు?"

"బీరువాలో పెట్టి తాళం వేసుకోవాలండి" అన్నాడు. సొంత సరుకుకి ఇంత అడ్డుపడే వ్యాపారిని నేనెప్పుడూ చూడలేదు. శుక్రవారం వచ్చి తీసుకెళ్తానని చెప్పి వచ్చేశాను.

ఇప్పుడు అసలు సంగతి. మీ అన్నయ్య కామేశ్వరరావుకి తుపాకీ ఉంది కనుక పోటీకి కొంటున్నానని నువ్వు అనుకుంటున్నావు. అనుకోనిచ్చాను. అది కాదు. ఇది తాతబ్బాయికి కూడా చెప్పలేదు. అందుకే ఈ కవరు అంటించి ఇస్తున్నాను.

ఆపరేషను తర్వాత చూపించుకోవడానికి అమలాపురం వెళ్ళిన రోజు గుర్తుందా? డాక్టరు ఆ పూట రారన్నారు. ఎదురొచ్చిన బస్సెక్కి, ఇంటికి రాకుండా తోటలోకి వెళ్ళాను. కాలవ మూలనున్న చెట్టు మీద ఎవడో ఉన్నాడు. కింద కాయల గుట్ట. నల్లద్దాల్లోంచి మొహం ఆనలేదు, కాయలు దించే మన దింపు మనిషి గొంతు మాత్రం కాదు. పట్టపగలు, రాజ్యం! "ఎవడ్రా అది? దిగు!" అని అరిచాను.

పైనుంచి ఏమన్నాడో తెలుసా? "తాతగారండీ, కాస్త పక్కకి జరగండి. నెత్తిన పడుద్ది."

"పోలీసుల్ని పిలుస్తాను!"

"ఆయ్, పిలుద్దురుగాని. ముందు నీడలోకి వెళ్ళండి, ఎండగా ఉంది."

ఇంకో గెల తెగి పడింది. వాడు నన్ను తిట్టినా బాగుండేది. కత్తి చూపించినా, నేను కర్ర తీసేవాణ్ణి. వాడు నా మీద జాలి పడ్డాడు. నేను జరిగాను రాజ్యం. వాడు జరగమన్న చోటికి, ఆ నీడలోకి, జరిగి నిలబడ్డాను. తర్వాత ఇంటికొచ్చి, డాక్టరు అంతా బాగుందన్నాడని నీకు చెప్పి, అన్నం తిన్నాను. దొంగకు కూడా భయం వేయని మనిషినయ్యానన్న మాట అప్పటి నుంచీ ముద్ద ముద్దకీ అడ్డం పడుతోంది. ఆ పిస్తోలు ఠక్కుమన్నప్పుడు ఒక్క క్షణం ఆ మాట మరిచిపోయాను. అందుకే కొంటున్నాను. ఇది తెలిశాక కూడా రానంటే నీ ఇష్టం.

ఇట్లు, పంచె తప్ప పంతం జారని నీ మొగుడు,
సుబ్రహ్మణ్యేశ్వరరావు


రామచంద్రపురం,
బుధవారం.

మహారాజశ్రీ శ్రీవారి పాదాలకూ, వాటి మీద జారిన పంచెకూ నమస్కరించి రాజ్యలక్ష్మి వ్రాయునది.

తాతబ్బాయి అన్నయ్యగారు కాఫీ తాగి ఇంకో కాఫీ తాగుతున్నారు. ఈలోగా రాసేస్తాను. మీ ఉత్తరం చదువుతూ మొదటి సగానికి పొట్ట పట్టుకుని నవ్వేను. పద్మశ్రీ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. రెండో సగానికి ఉత్తరం ఒళ్ళో పెట్టేసుకున్నాను. "ఏంటమ్మా, ఏమైంది?" అంటే ఏం చెప్పను?

ఆ చెట్టు మీదున్నది దొంగ కాదండీ. నేను పెట్టిన మనిషి.

మీకు కంటి ఆపరేషను అన్నప్పుడు నాకు రాత్రీ పగలూ ఒకటే బెంగ. చూపు దక్కితే కాలవ మూల చెట్ల దింపంతా స్వామి కల్యాణానికి ఇచ్చుకుంటానని మురమళ్ళ వీరేశ్వరుడికి మొక్కుకున్నాను. మీతో అంటే ఏమంటారో నాకు తెలుసు. "ఆపరేషను చేసింది డాక్టరు, కాయలు దేవుడికా?" అని కాఫీ హోటల్లో నెల్లాళ్ళు కథ చెబుతారు. అందుకే మీరు అమలాపురం వెళ్ళే రోజు చూసి పెట్టుకున్నాను. మన దింపు మనిషైతే మీకు చెప్పేస్తాడని తాతబ్బాయి అన్నయ్యగారిని అడిగి, వాళ్ళ తోటలో కాయలు దించే మాణిక్యాన్ని పిలిపించేను. అయ్యగారికి గాని ఊళ్ళో ఎవరికి గాని చెప్పనని వాడి చేత ఒట్టు వేయించుకున్నాను. పాపం, మీరు కింద నుంచి కేకలేస్తుంటే వాడు నిజం చెప్పలేడు, కాయ దింపకుండా రాలేడు. ఏం చేస్తాడు? మర్యాదగా జరగమన్నాడు. కాయలన్నీ ఆ సాయంత్రమే ఆటోలో మురమళ్ళ వెళ్ళిపోయేయి.

మీరు తోటలోకి వెళ్ళినట్టు మాణిక్యం నాకు చెప్పలేదు, మీరూ చెప్పలేదు. అన్నం పెడితే సగం వదిలేసేరు, మందుల వేడి అనుకున్నాను. ఇంతకాలం కాపురం చేసి, మీ మొహం చూసి అది మందుల వేడో మనసు మంటో పోల్చుకోలేకపోయేను. ఆ తప్పు నాది.

మీరు తుపాకీ అన్నప్పుడల్లా నాకు భయం వేసింది మా అన్నయ్యతో పోటీ అని కాదు, ఇందుకు. ఎప్పుడూ కోపం రాని మనిషికి ఎవరి మీద ఇంత కోపం వచ్చిందా అని. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే కదా. నా మీదేమోనని వచ్చేశాను.

నమ్మకం లేకపోతే మాణిక్యాన్ని పిలిచి అడగండి. ఒట్టు నేను తీసేశానని చెప్పండి. తర్వాత ఆ పిస్తోలు కొంటారో మానతారో మీరే ఆలోచించుకోండి. ఈసారి వద్దని నేననను.

ఇట్లు,
మీ రాజ్యలక్ష్మి


అంబాజీపేట,
శుక్రవారం.

దొంగల నాయకురాలైన నా రాజ్యానికి,

నీ ఉత్తరం అరుగు మీద కూర్చుని చదివాను. చదివి చాలాసేపు నవ్వాను. ఎదురింటి దుర్గాదేవి గారు "ఒక్కరే నవ్వుకుంటున్నారేమండీ, బావున్నారా?" అని వచ్చి మరీ చూసి వెళ్ళేరు. దేవుడికి నేను దొంగతనం అంటగట్టాను. మురమళ్ళ స్వామి దగ్గర ఆ కేసు ఎలాగూ నడుస్తుంది, ఇద్దరం వెళ్ళి రాజీ చేసుకుందాం.

పొద్దున్నే కాకినాడకు ఫోను చేశాను. "రావడం లేదండీ. ఇంట్లో దొంగ దొరికింది" అన్నాను. వీరవెంకటరమణ గారు కంగారుపడి, "పోలీసులకు చెప్పేరా?" అన్నాడు. "ఆవిడ మా ఆవిడేనండి" అన్నాను. అవతల ఇనప్పెట్టె మూసిన చప్పుడైంది. తర్వాత, "మంచిదండీ. ఆయ్. పిస్తోలు ఎక్కడికీ పోదు, మీరు ఆవిణ్ణి చూసుకోండి" అన్నాడు. ఇలా వ్యాపారం చేసి ఆయన దుకాణం ఎలా నడుపుతున్నాడో గాని, మన పక్క పెళ్ళిళ్ళకు పిలవదగ్గ మనిషి. వస్తువు మాత్రం మంచిదే రాజ్యం, అబద్ధమెందుకు. గుప్పిట నిండా ఉంది.

తర్వాత మాణిక్యాన్ని పిలిపించాను. బక్కపలచటి మనిషి, నడుముకి తాడు, కత్తి. దూరంగా నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఏరా, ఆ రోజు నన్ను చూసి" అని మొదలెట్టాను.

నా మాట పూర్తి కాలేదు. "భయమేసిందండి బాబూ!" అన్నాడు. "మీరు ఒక్క గావుకేక వేసేరండి, నా కాళ్ళు మట్టకి అతుక్కుపోయేయి. చేతిలో కత్తి పట్టు తప్పిపోతుంది. జారి మీ నెత్తిన పడితే అమ్మగారికేం చెప్పుకోనని జరగమన్నానండి. పైకి ధైర్యంగా అన్నాను గాని, మీరు ఇంకోసారి అరుస్తే గెలతో పాటు నేనూ పడిపోదునండి. అయ్యగారి గొంతుంటే తోటకి కంచె కూడా అక్కర్లేదండి."

ఆ మాట వాడి చేత మళ్ళీ చెప్పించుకున్నాను. కాఫీ ఇచ్చి ఇంకోసారి చెప్పించుకున్నాను. ఈ పూట అన్నం సాఫీగా దిగింది. పప్పులో ఉప్పు లేదని కూడా చివరికి గాని తెలియలేదు.

ఆదివారం పొద్దున్న మొదటి పంటుకి వస్తున్నాను. నిన్ను తీసుకుని, మురమళ్ళ వెళ్ళి, అక్కణ్ణుంచి ఇంటికి. పద్మశ్రీకి చెప్పు.

ఒక్క సంగతి మాత్రం మిగిలింది. నేను అడగక ముందే మాణిక్యం జవాబు మొదలెట్టాడు. తాతబ్బాయి నీ దగ్గర్నుంచి ఉత్తరం ఒక్కటే తెచ్చాడో, ఇంకేమైనా మోసుకొచ్చాడో నాకు తెలియదు. ఆ మాటలు నువ్వు నేర్పి పంపావో, వాడి కడుపులోంచే వచ్చాయో నేను అడగను.

నువ్వూ చెప్పకు.

ఇట్లు,
భయంకరుడైన నీ మొగుడు
సుబ్రహ్మణ్యేశ్వరరావు