నాలుగు డబ్బాల ఇనుము

జూన్ 3, మంగళవారం

పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే టీవీ వాళ్ళు ఫోన్ చేశారు. నోట్లో నురగతోనే హలో అన్నాను. మీ లెటర్ మా టీమ్ అందరికీ తెగ నచ్చేసిందండీ, మీ మావయ్యగారి మీద ఎపిసోడ్ చేద్దామనుకుంటున్నాం అంది అవతలి అమ్మాయి. నురగ మింగేశాను.

మార్చిలో, పరీక్షలు అయిపోయిన రోజు, ఎవరికీ చెప్పకుండా రాసిన ఉత్తరం అది. ‘దొరికింది!’ అనే ప్రోగ్రాంకి. జనం మెటల్ డిటెక్టర్లు పట్టుకుని పొలాల్లో తిరుగుతుంటారు, అరగంటకోసారి ఏదో ఒకటి దొరుకుతుంది, యాంకర్ ఎగిరి గంతేస్తుంది.

మా మావయ్యకి అలా ఎప్పుడూ ఏమీ దొరకలేదు. లేత్ మిషన్ దగ్గర ముప్పయ్యేళ్ళు పనిచేశాడు. ఎడమ చెవి ఆ ఫ్యాక్టరీకే ఇచ్చేశాడు. హెడ్‌ఫోన్స్ కుడి చెవికి మాత్రం పెట్టుకుని ప్రతి ఆదివారం పాలత్త పొలానికి వెళ్తాడు. పాలత్త మాకు చుట్టం కాదు, పాలు పోస్తుంది కాబట్టి ఆ పేరు. ఆరు ఆవులు. తొమ్మిదేళ్ళ కిందట ఆమె పాత కంచె కుళ్ళి, తీగముక్కలు గడ్డిలో కలిసిపోయాయి. ఓ ఆవు తీగ మింగి చచ్చిపోయింది. ఆ ఏడాదే మావయ్య డిటెక్టర్ మెషీను కొన్నాడు, పొలంలో వెతుక్కోనిస్తావా అక్కా అని అడిగాడు. ఉన్న ఇనుమంతా ఏరుకుపో తమ్ముడూ, గుంత మాత్రం వదిలావో ఊరుకోను అందట ఆమె.

అప్పట్నుంచీ మేకులు, తీగలు, బోల్టులు, సీసా మూతలు. నాలుగు పాత పెయింట్ డబ్బాలు నిండాయి. మా వరండాలో వరసగా ఉంటాయి. అమ్మ వాటిని మా అన్నయ్యగారి ఆస్తి అంటుంది.

ఉత్తరంలో ఇదంతా రాయలేదు. మేకుల కోసం ఎవరొస్తారు? ‘నిధి’ అని రాశాను. ఆ పొలం కింద ఒకప్పుడు పెద్ద సంత ఉండేదట, వరదొస్తే వర్తకులు మూటలు పాతిపెట్టి పారిపోయారట అని రాశాను. ఎవరూ నాకు చెప్పలేదు. బస్సులో కూర్చుని అల్లాను. ‘భూమి మా మావయ్యతో గుసగుసలాడుతుంది’ అని కూడా రాసి, ఆ వాక్యం చూసుకుని ఎంత మురిసిపోయానో.

జూన్ 4, బుధవారం

మావయ్యకి చెప్పాను. నవ్వాడు. తుప్పు పట్టిన మేకులు చూడ్డానికి వాళ్ళకి వేరే పని లేదా ఏమే అన్నాడు. తర్వాత అద్దం ముందు నిలబడి మీసం కత్తిరించుకున్నాడు.

ఉత్తరంలో ఏం రాశావని అడగలేదు. నేనూ చెప్పలేదు.

జూన్ 14, శనివారం

షూటింగ్. చెయ్యి నొప్పెట్టేదాకా రాస్తాను, లేకపోతే నిద్రపట్టదు.

ఏడింటికే రెండు వ్యాన్లొచ్చాయి. పాలత్తతో ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకుని, ఫ్రేమ్‌లోకి రాకండమ్మా అని ఆమెని ఆవులతో సహా షెడ్డు అవతలికి పంపేశారు. నా పొలంలోంచి నన్నే తోలేస్తున్నారు చూడు అని ఆమె పోతూ పోతూ నన్ను గిచ్చింది. నవ్వుతూనే.

మొదటి గంట మావయ్య ఎప్పటిలాగే చేశాడు. మెషీను ఊపుతూ నెమ్మదిగా నడుస్తాడు, ఆగుతాడు, కుడి చెవి ఒగ్గి వింటాడు. మోకాళ్ళ మీద కూర్చుని గడ్డిని మూడు పక్కలా కోస్తాడు, నాలుగో పక్క కొయ్యడు. డబ్బా మూతలా పైకి తెరుస్తాడు. మట్టి తీసి గోనెపట్టా మీద పోస్తాడు, ఒక్క పలుకు కూడా గడ్డిలో పడనివ్వడు. ఇనుము తీసి జేబులో వేసుకుని, పట్టాలో మట్టి తిరిగి గుంతలో వంచి, మూత మూసి, మడమతో నొక్కుతాడు. రెండడుగులు వెనక్కి వేసి చూస్తే గుంత ఎక్కడుందో నాకే తెలియదు.

తీగముక్క దొరికింది. కట్. మేకు దొరికింది. కట్. ఇంకో మేకు. డైరెక్టర్ టోపీ తీసి మొహం విసురుకుంటూ, సార్, మీ దగ్గర హార్డ్‌వేర్ షాపు పెట్టొచ్చు సార్ అన్నాడు. అందరూ నవ్వారు. మావయ్య కూడా.

తర్వాత ఆ టోపీ ఆయన వ్యాన్‌లోంచి చిన్న పెట్టె తెచ్చాడు. అందులో మూడు నాణేలు, బంగారు రంగువి. కెమెరా అసిస్టెంట్ బొరియలాంటిది తవ్వి వాటిని పెట్టి, పైన మట్టి కప్పి, బూటుతో తట్టాడు. ఇప్పుడు నడవండి సార్, ఇక్కడికి రాగానే అరవండి అన్నారు.

ఇవి మీరు ఇందాక పెట్టినవే కదా బాబూ అన్నాడు మావయ్య. అమాయకంగానే అడిగాడు. అది రీక్రియేషన్ సార్, అందరూ చేస్తారు, చివర్లో ఆ మాట వేస్తాం కూడా అన్నాడు డైరెక్టర్. నేను చెయ్యను అన్నాడు మావయ్య. వ్యాన్ దగ్గర గుసగుసలు. ఎండ ఎక్కుతోంది. డైరెక్టర్ నా దగ్గరికొచ్చాడు. లెటర్ నువ్వే కదమ్మా రాసింది, భలే రాశావు, ఎడిటింగ్‌లో నీ లైన్లే వాడుతున్నాం, మీ మావయ్యకి కాస్త చెప్పు అన్నాడు.

భలే రాశావు అన్నాడు. ఆ రెండు మాటలకి నేను మావయ్య దగ్గరికి వెళ్ళాను. ఒక్కసారే మావయ్యా, నా కోసం అన్నాను.

చేశాడు. నడిచాడు, ఆగాడు, తవ్వాడు. నాణెం పైకెత్తాడు. అరవలేదు. కెమెరా వైపు చూడమంటే నా వైపు చూశాడు. యాంకరే రెండు పాళ్ళు ఎక్కువగా అరిచింది. పదకొండో టేక్‌లో ఓకే అన్నారు.

ఆయన మళ్ళీ మోకాళ్ళ మీద కూర్చుని గుంత పూడ్చడం మొదలుపెట్టేసరికి కెమెరా మూసేశారు. ప్యాకప్ సార్, మావాళ్ళు చూసుకుంటారు లెండి అన్నారు. వాళ్ళు చూసుకోలేదు. ఆ అసిస్టెంట్ టేకుల కోసం తవ్వినవి ఇంకో ఐదుంటే అవీ మావయ్యే పూడ్చాడు. నేను గోనెపట్టా పట్టుకున్నాను.

జూన్ 15, ఆదివారం

మావయ్య పొలానికి వెళ్ళలేదు. మోకాళ్ళు నొప్పన్నాడు.

జూలై 6, ఆదివారం

వచ్చింది. సాయంత్రం ఆరింటికి. పక్కింటివాళ్ళు, ఎదురింటివాళ్ళు, అమ్మ ఆఫీసు స్నేహితురాలు, అందరూ మా ముందు గదిలోనే. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు.

ఉరుములు. అసలా రోజు ఉరమలేదు. పొలం పైనుంచి డ్రోన్ షాట్: మెయిన్ రోడ్డు మలుపు, నీళ్ళ ట్యాంకు, పాలత్త గేటు. అడ్రస్ రాసిచ్చినట్టే. మావయ్య తొమ్మిదేళ్ళూ నాలుగు నిమిషాలయ్యాయి. ఒక్క మేకు కూడా లేదు. గంభీరమైన గొంతొకటి, ఈ పొలం కింద ఒక సంత నిద్రపోతోందని ఈయన నమ్మకం అంది. భూమి ఈయనతో గుసగుసలాడుతుంది అంది. నా వాక్యం! అంతమంది ముందు! నేను చప్పట్లు కొట్టాను. ఇది రాయకుండా ఉండాలనుంది, కానీ కొట్టాను.

నాణెం పైకి లేచింది. ఎవరిదో అరుపు మావయ్య నోటికి అతికించారు. అందరూ ఆయన భుజాలు తట్టారు. ఇన్నాళ్ళూ మా దగ్గర దాచావే అని ఎదురింటి తాతయ్య అలిగాడు.

చివర్లో అడుగున చిన్న అక్షరాల్లో ఓ లైను వచ్చింది: కొన్ని దృశ్యాలు పునఃసృష్టించబడినవి. రెప్పపాటు. కనబడిన ప్రతిదీ చదివే రోగం ఉంది కాబట్టి నేను చదివాను. ఆ గదిలో ఇంకెవరూ చదివి ఉండరు.

అందరూ వెళ్ళాక మావయ్య ఒకటే అడిగాడు. గుంత పూడ్చింది చూపించలేదేమే?

జూలై 8, మంగళవారం

కాలేజీ నుంచి వస్తూ చూశాను. పాలత్త గేటు దగ్గర ఏడు కార్లు. కొత్త మెషీన్లు, కొన్నింటికి ధర కాగితం ఇంకా వేలాడుతోంది. పాలత్త చీపురు పట్టుకుని అరుస్తోంది. ఒకళ్ళని తోలితే ముగ్గురు కంచె దూకుతున్నారు.

నేను ఆగలేదు. సైకిల్ తొక్కుకుంటూ వచ్చేశాను.

జూలై 11, శుక్రవారం

పొద్దున నేనూ మావయ్యా వెళ్ళి పూడ్చాం. ముప్పై ఏడు గుంతలు. ఒక్కదానికీ మూత లేదు. గడ్డి పెల్లలు పెల్లలుగా ఎండిపోయి ఉంది. వీళ్ళకెవరూ నేర్పలేదు అన్నాడు మావయ్య. టీవీలో చూసి నేర్చుకున్నారు, టీవీలో అదే లేదు.

గుంతల కంటే భయం వేసేది ఇంకోటి. తవ్వినవాళ్ళకి బంగారం కావాలి కాబట్టి, చేతికొచ్చిన మేకులు, తీగలు అక్కడే గడ్డిలోకి విసిరేశారు. ఇన్నేళ్ళూ మావయ్య మెషీను అందుకోని లోతుల్లో పడి ఉన్న ఇనుము ఇప్పుడు పైకొచ్చేసింది. మావయ్య చీకట్లో పప్పులో రాళ్ళేరుతున్నట్టు తడుముకుంటూ ఏరాడు. ఒక్క మూల కూడా అవ్వలేదు.

పాలత్త మజ్జిగ తెచ్చింది. ఎప్పుడూ తెస్తూ తమ్ముడూ అని పిలుస్తుంది. ఇవాళ గ్లాసు గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది.

జూలై 14, సోమవారం, పొద్దున ఏడు

ఎర్రావు కాలు గుంతలో పడింది.

అదే రోజు, మధ్యాహ్నం

నిండు చూలు. ఇంకో రెండు వారాల్లో ఈనేది. ముందు కాలు మోకాలి కింద విరిగిపోయింది. మేం వెళ్ళేసరికి పక్కకి పడి ఉంది, అరవడం లేదు, ఊపిరి మాత్రం పెద్దగా తీస్తోంది. పాలత్త దాని తల ఒళ్ళో పెట్టుకుంది. పశువుల డాక్టర్ చాలాసేపు పొట్ట మీద చెయ్యి వేసి ఉంచాడు. దూడ కదలట్లేదమ్మా అన్నాడు. తర్వాత, ఆ కాలు అతకదని, ప్రాణం పోయే ఇంజెక్షన్ ఇచ్చాడు. ఒకటి చాల్లేదు, రెండోది కూడా.

గుంత చూశాను, మేం పూడ్చి వెళ్ళాక మళ్ళీ ఎవరో తవ్వింది. మోచెయ్యంత లోతు. పక్కనే తీసిపారేసిన బోల్టు.

మావయ్య చెప్పులు విడిచి దూరంగా నిలబడ్డాడు. పాలత్త తల ఎత్తకుండానే అడిగింది. ఏం తమ్ముడూ, ఇన్నేళ్ళూ నువ్వు మేకులేరుతున్నావనుకున్నాను, బంగారం దొరికితే నాకొక్క మాట చెప్పాలనిపించలేదా?

దొరకలేదక్కా అన్నాడు మావయ్య.

నా రెండు కళ్ళతో చూశాను, లోకమంతా చూసింది, ఇంకా దొరకలేదంటావా అంది. సంత అని నీకెవరు చెప్పారు, మా అత్తగారి అత్తగారి కాలం నుంచీ ఈ పొలంలోనే పడి ఉన్నాం, మాకే తెలీదు అంది. ఒక్కో మాటా నిదానంగా అంది. తిడితే బాగుండేది.

మావయ్య నోరు తెరిచాడు. నా వైపు చూడలేదు. చూస్తే పాలత్త కూడా చూస్తుందని చూడలేదు. నోరు మూసుకున్నాడు.

ఇంక నా గేటు తొక్కకు అంది.

ఇంటిదారి పట్టాం. మలుపు దగ్గర మావయ్య, నువ్వు బాగా రాస్తావే అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఇప్పటిదాకా ఏడుస్తున్నాను.

జూలై 17, గురువారం

టీవీ ఆఫీసుకి ఫోన్ చేశాను. నలుగురి చేతులు మారి చివరికి మార్చి ఉత్తరం మెచ్చుకున్న ఆ అమ్మాయే వచ్చింది. నాణేలు మీవని టీవీలో చెప్పండి అన్నాను. చివర్లో వేశాం కదండీ అంది. అది చదివేలోపే పోయింది అన్నాను. ఫార్మాట్ అండీ అంది. ఆవు చచ్చిపోయింది అన్నాను.

ఒక్క నిమిషం అని ఎవరితోనో మాట్లాడి వచ్చింది. గొంతులో ఉత్సాహం. ఆవు ఎలా పోయింది, ఆ నిధికేమైనా శాపం ఉందని అక్కడ అనుకుంటారా అండీ, మీరు లెటర్ రాసి పంపితే పార్ట్ టూ చూద్దామంటున్నారు సార్ అంది.

పెట్టేశాను. అది అచ్చం నేను రాయగల ఉత్తరమే. బస్సులో కూర్చుంటే చాలు, వచ్చేస్తుంది.

జూలై 18, శుక్రవారం

మావయ్య మెషీనులో బ్యాటరీలు తీసేశాడు. దుప్పటి చుట్టి బీరువా వెనక పెట్టాడు.

అమ్మ చెప్పింది: పాలత్త మిగతా ఐదింటినీ షెడ్డులోనే కట్టేసి ఉంచుతోందట. గడ్డిలోకి వదిలితే తీగ మింగుతాయని భయం. పాలు సగానికి పడిపోయాయట, ఇలాగే ఉంటే రెండింటిని అమ్మేస్తుందట. ఆ ఇనుము ఏరడం వచ్చినవాడు ఒక్కడే. ఆయన రాకూడదనే గేటుకి గొలుసు వేసింది.

నిజం చెప్పేస్తే సరిపోతుంది కదా అన్నాను మావయ్యతో. ఏ నిజమే, నువ్వు చిన్నదానివి, వదిలెయ్ అన్నాడు. నన్ను కాపాడుతున్నాడు. ఆవుల్ని వదిలేసి నన్ను.

జూలై 19, శనివారం

పాలత్తకి ఉత్తరం రాస్తున్నాను. మొదటి దాంట్లో ‘పశ్చాత్తాపం’ అని రాశాను. చూసి చించేశాను. రెండో దాంట్లో ఎర్రావు కళ్ళ గురించి ఓ వాక్యం వచ్చింది. చాలా బాగా వచ్చింది. అందుకే చించేశాను. మూడోది ఏడు లైన్లు. నాలుగోది మూడే: సంత కథ నేను అల్లాను. నాణేలు టీవీ వాళ్ళవి. నేను బతిమాలితేనే మావయ్య వాటిని తవ్వాడు.

మూడు లైన్లు రాయడానికి రోజంతా పట్టింది.

జూలై 20, ఆదివారం

అదీ చించేశాను. కాగితమైతే చేతిలో పెట్టి పారిపోయి వచ్చేస్తాను.

రేపు ఆరింటికి, పాలు పితకడం అయ్యాక, గేటు బయట నిలబడి నోటితో చెప్పాలి. మావయ్యకి దొరికిందంతా ఇదేనని నాలుగు డబ్బాలూ ఆమె ముందు పెట్టాలి. సైకిల్ మీద రెండే పడతాయి. ఐదున్నరకే లేచి రెండుసార్లు తిరగాలి.