హ్యాండ్‌బ్రేక్ మీద చెయ్యి

బాలింకాలిగ్, ఐర్లండ్,
22 జనవరి 2018.

శేషగిరి అన్నయ్యగారికి,

మీరు క్షేమమని తెలుసు, నిన్న మా ఇంట్లోనే భోంచేశారుగా. అందుకే నేరుగా విషయానికి వస్తున్నాను.

గురువారం మనిద్దరం ఆఫీసుకు వెళ్తుంటే, మలుపులో కంటికి కనబడని మంచుపొర, ఆ బ్లాక్ ఐస్ మీద కారు వెనక భాగం ఎడమకు జారింది. నేను బ్రేక్ తొక్కలేదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి స్టీరింగ్ కూడా ఎడమకే తిప్పాను. అలా చెయ్యాలని నేర్పింది మీరే. కారు దారికొస్తుండగా పక్క సీట్లోంచి మీరు హ్యాండ్‌బ్రేక్ లాగారు. కారు గిర్రున తిరిగి రాతిగోడకు కొట్టుకుంది.

ఇంట్లో కారు జారిందని మాత్రమే చెప్పాను. మీ పరువు పోకూడదని మీ పేరెత్తలేదు.

నిన్న మీరేమో భోజనానికొచ్చిన నలుగురు స్నేహితుల ముందూ, "చెల్లెమ్మ కంగారుపడి బ్రేక్ తొక్కేసింది, నేను స్టీరింగ్ పట్టుకోబట్టి బతికాం" అన్నారు. నా వైపు చూడకుండా పెరుగు వేసుకున్నారు. మీరు వెళ్ళాక మావారికి జరిగింది చెప్పాను. "శేషగిరిగారికి అబద్ధమాడాల్సిన అవసరమేంటి?" అని ఆయన కారు తాళాలు జేబులో వేసుకున్నారు. రోజూ మీరే నన్ను దింపుతారట.

మీరు భయపడ్డందుకు నాకు కోపం లేదు. నేనూ భయపడ్డాను.

వచ్చే ఆదివారం ఆ నలుగురినీ మళ్ళీ భోజనానికి పిలిచాను. మీరూ రండి. పెరుగు దాకా ఆగకుండా నిజం చెప్పండి.

ఆ మర్నాడు, సోమవారం, కారు నేనే నడుపుతాను. మీరూ రావచ్చు, వెనక సీట్లో.

ఇట్లు,
మీ దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్న మనిషి.