ఒకే ఏడాదికి రెండు చందాలు

జూన్ 9, మధ్యాహ్నం
మా వంటింటి బల్ల దగ్గర నుంచి

మహారాజశ్రీ బావగారి సముఖమునకు,

మీ ఏకైక బావమరిది, పట్టభద్రుడు, ప్రస్తుతానికి అవివాహితుడు, చేతులు జోడించి వ్రాసుకొనునది. ఇక్కడ మేము క్షేమం. మీరు, పాప క్షేమమని అక్క రోజుకు రెండుసార్లు ఫోన్లో చెబుతూనే ఉంది కాబట్టి ఆ ప్రశ్న వదిలేస్తున్నాను.

ముందుగా శుభవార్త. నాన్నగారి పన్నుల ఫైలు మళ్లీ నా చేతికి వచ్చింది. మీ పెళ్లికి ముందు నాలుగేళ్లు ఆయన రిటర్నులు వేసింది నేనే. మీరు వచ్చి ఒక్కసారి తిరగేసి, "మామయ్యా, రిటైర్మెంట్ ఖాతాలో చందా కడితే పన్ను తగ్గుతుంది కదా, ఎవరూ చెప్పలేదా?" అన్నారు. నాన్నగారు ముప్పై ఏళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్న మనిషి. మధ్యలో ఆగిపోయిన లిఫ్టును కూడా ఆ రోజు నన్ను చూసినట్టు చూసి ఉండరు. ఫైలు మీతోపాటు వెళ్లిపోయింది.

అప్పటి నుంచి ఇంట్లో మీ నామస్మరణే. ఫ్యాను కొనాలంటే "అల్లుడేమంటాడో." కుళాయి కారితే "అల్లుణ్ణి అడుగుదాం." మొన్న నాకు జ్వరమొస్తే థర్మామీటరు పట్టుకుని "అల్లుడికి ఫోన్ చెయ్యనా" అన్నారు. ఆయన డాక్టరు కాదు నాన్నా, పెయింట్ల కంపెనీలో అకౌంటెంటు అన్నాను. "అయినా విషయం తెలిసిన మనిషిరా" అన్నారు. జ్వరం తగ్గింది. కడుపుమంట తగ్గలేదు.

ఇక అసలు సంగతి. పోయిన ఏడాది లెక్కలో చందా రెండుసార్లు పడింది. ఒకటి ఫిబ్రవరిలో మీరు నాన్నగారి చేత ఫోన్లో కట్టించింది. రెండోది నాలుగు రోజుల తర్వాత నేను ఆయన్ని ఆ ఖాతా నడిపే కంపెనీ కౌంటరుకు తీసుకెళ్లి కట్టించింది. ఏడాదికి ఇంతకు మించి కట్టకూడదన్న పరిమితి మీ చందాతోనే నిండిపోయింది. కంపెనీ పంపిన పత్రంలో ఎంత ఉందో అంతా మీరు రిటర్నులో వేసేశారు. మొన్న వాళ్ల దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది: ఎక్కువైన సొమ్మును వడ్డీతో సహా వెనక్కి ఇస్తున్నాం, ఇదిగో సవరించిన పత్రం, దీని ప్రకారం మీ రిటర్ను దిద్దుకోండి అని.

నాన్నగారు మీకు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టారు. మీరు, "నాదే పొరపాటు మామయ్యా. కట్టించే ముందు మీవాడికి ఒక మాట చెప్పాల్సింది, రిటర్ను వేసేటప్పుడైనా చూసుకోవాల్సింది" అన్నారు. నేను పక్కనే కూర్చుని వింటున్నాను. తప్పు ఒప్పుకోవడంలో కూడా నాకు చోటు మిగల్చరు మీరు. మరునాడే ఫైలు పంపించేశారు. నాన్నగారు దాన్ని నా ముందు పెట్టి, "ఇక నువ్వే చూడరా" అన్నారు. రెండేళ్లుగా ఆ మాట కోసమే చెవులు రిక్కించుకుని బతికాను.

అంకెలు దిద్దడానికి ఇరవై నిమిషాలు పట్టింది. చందా గడిలో రెండోది తీసేశాను, వెనక్కి వచ్చిన వడ్డీని ఆదాయంలో కలిపాను, సవరించిన పత్రం జతచేశాను. మిగిలింది "సవరణకు కారణం" అన్న గడి. గడువు రేపటితో సరి. "అల్లుడి పొరపాటు" అని రాసి కొట్టేశాను. "సమాచార లోపం" అని రాసి అదీ కొట్టేశాను. మూడో ఫారం ముందు పొద్దుటి నుంచి కూర్చున్నాను. నాన్నగారు వచ్చి చూసి, "అల్లుడైతే ఈపాటికి..." అని ఆగిపోయారు. మిగతాది నాకు వినబడింది.

ఏదేమైనా గెలుపు నాదని అక్కకు తెలియజేయగలరు. పాపకు ముద్దులు.

ఇట్లు,
మీ పేరుప్రతిష్ఠలు చూసి ఓర్వలేని
బావమరిది

తా.క. బావా, ఇక మామూలుగా రాస్తాను. కౌంటరు దగ్గర వరుసలో నిలబడినప్పుడు నాన్న, "అల్లుడు మొన్ననే కట్టించాడు కదరా" అన్నాడు. "ఫోన్లో కట్టినవి ఒక్కోసారి పడవు నాన్నా" అన్నాను. పడిందని నాకు తెలుసు. ఆ మెసేజ్ ఆయన ఫోన్లో అంతకు ముందే చూశాను. ఆ ఏడాది చందా నేను కట్టించానని ఉండాలనిపించింది, అంతే.

ఇందాక ఇదంతా నాన్నకు చెప్పేశాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "పడిందని నాకూ తెలుసురా. ఆ రోజు పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని నన్ను తీసుకెళ్లడానికి తయారయ్యావు. వద్దని ఎలా చెప్పను?" అన్నాడు. మరి బావ తప్పంతా తన మీద వేసుకుంటుంటే ఎందుకు ఊరుకున్నావని అడిగాను. "నువ్వు పక్కనే ఉన్నావు కదరా, నీ అంతట నువ్వే చెబుతావనుకున్నా" అన్నాడు.

కారణం గడిలో "కొడుకు తెలిసే రెండోసారి కట్టించాడు" అని రాశాను. నాన్న చదివి సంతకం పెట్టాడు. రేపు ఫారం ఇచ్చేసి, ఫైలు నీకే పంపిస్తాను. నాన్న పంపమనలేదు, నేనే పంపుతున్నాను. కుళ్లు మాత్రం ఇంకా పోలేదు బావా. కొంచెం టైమివ్వు.